మా గేదెల పేడ, జోసెఫిన్ పొయ్యి

జోసెఫిన్ గురించి మా వీధిలో ఎవరినడిగినా మంచే చెబుతారు. అందుకే ఆమె కథ నేను చెప్పాలి. పద్దెనిమిదేళ్ళుగా ఆమెను గోడ మీదుగా చూస్తున్నాను. ఆమెను చూసి కుళ్ళుకోవడంలో నాకున్నంత అనుభవం కనకాలపేటలో మరొకరికి లేదు.

నా పేరు విజయలక్ష్మి. మాది తాళ్ళరేవు దగ్గర పల్లెటూరు. మా ఆయన పాపారావు గారికి యానాంలో బడి అటెండరు ఉద్యోగం వస్తే ఈ కనకాలపేటకొచ్చి ఇల్లు కట్టుకున్నాం. పెరట్లో పాక, పాకలో రాణి, గంగ అని రెండు గేదెలు, పక్కన బోరు. వెనకాల రొయ్యల చెరువులు పడ్డాక ఆ బోరు నీళ్ళు నోట పెట్టుకోలేనంత ఉప్పగా తయారయ్యాయి. వాటితో పాక కడగడం తప్ప మరో పని జరగదు. తాగడానికీ వండుకోవడానికీ పొద్దున పూట వచ్చే వీధి కుళాయే దిక్కు.

పక్కిల్లు జోసెఫిన్‌ది. రెండు పెరళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ. ఆమె భర్త మరియదాసు ఒకప్పుడు గోదావరిలో వేటకు వెళ్ళేవాడు. మోకాళ్ళు పట్టేశాక ఇంటి పట్టున కూర్చుని వలలు బాగుచేస్తున్నాడు. ఆ ఇంట్లో నాలుగు వేళ్ళు నోట్లోకి పోతున్నాయంటే జోసెఫిన్ అరుగు మీద అమ్మే ఇడ్లీలు, పెసరట్ల వల్లనే. తెల్లవారేసరికి పొయ్యి వెలగాలి. వెలగకపోతే ఆ పూటకి ఏమీ లేదు.

అలాంటి మనిషిని చూసి కుళ్ళుకోవడానికి ఏముందని మా ఆయన అడుగుతుంటారు. ఆయనకేం తెలుసు? నా దగ్గరికి పాలకొచ్చిన వాళ్ళు గిన్నె మా గుమ్మంలో పెట్టి కబుర్లు ఆమె అరుగు మీద చెప్పుకునేవారు. పాలు పోసి గొంతు చించుకుని పిలిస్తే గానీ గిన్నె కోసం వచ్చేవారు కాదు. నాకు రెండు గేదెలున్నాయి, నెల జీతం వచ్చే మొగుడున్నాడు. అయినా మనుషులు ఆమె దగ్గరే కూర్చునేవారు.

ఒకసారి సాయంత్రం పూట ఆమె చిన్న గిన్నె పట్టుకుని వచ్చింది, పాలలోకి తోడు కావాలని. అప్పుడే దేవుడి దగ్గర దీపం పెట్టి వస్తున్నాను. "దీపాలు పెట్టాక తోడు ఇవ్వకూడదు జోసెఫినూ" అన్నాను. మా పుట్టింట్లో ఆ పట్టింపు ఉన్నమాట నిజమే. అది సాయంత్రం కాక మధ్యాహ్నమైనా నేను ఇచ్చేదాన్ని కాదన్నది కూడా నిజమే. "పర్లేదండి అక్కగారూ" అని నవ్వుతూ వెళ్ళిపోయింది. ఆ నవ్వు కూడా నాకు నచ్చలేదు.

పేడ సంగతికి వస్తాను. సిలిండర్లు వచ్చాక పిడకలు అడిగే దిక్కు లేదు. పెరట్లో పేడకుప్ప పెరిగి ఈగలు ముసిరేవి. ఒకరోజు జోసెఫిన్ గోడ దగ్గరికి వచ్చి అడిగింది.

"అక్కగారూ, ఆ పేడ నేను పట్టికెళ్ళనాండీ?"

"నీకెందుకే?"

"ఏదో ఒకటి సేసుకుంటానండి."

పాక కూడా నువ్వే కడగాలి అన్నాను. సరేనంది. రెండేళ్ళపాటు రోజూ చీకటితోనే వచ్చి పాక అద్దంలా కడిగి పేడ ఎత్తుకుపోయేది. పిడకలు చేసుకుని పొయ్యిలో పెట్టుకునేది. జీతం లేని మనిషి దొరికిందని నేను పొంగిపోయాను.

ఆ తరువాత ఒకరోజు గవర్నమెంటు ఆఫీసు నుంచి ఎవరో కాగితాలు పట్టుకుని ఆమె ఇంటికి వచ్చారు. గోబర్ గ్యాస్ కట్టుకునే వాళ్ళకి సబ్సిడీ ఇస్తారట. పశువులెన్ని ఉన్నాయని ఆయన అడిగితే జోసెఫిన్ ఏమందో మా పెరట్లోకి వినిపించింది. "పశువుల్లేవండి. పేడుందండి." ఆయన నవ్వాడు. పేడ ఇచ్చే వాళ్ళ సంతకం కావాలన్నాడు. ఆమె గోడ మీదుగా కాగితం అందించింది. నేను పప్పులో పోపు పెడుతున్నాను. చదవకుండా చేయి తుడుచుకుని సంతకం పెట్టేశాను. పేడకి సంతకమేమిటని నవ్వాను కూడా.

మేస్త్రీ వీరభద్రరావు వచ్చి గొయ్యి తవ్వి, చుట్టూ ఇటుక కట్టి, పైన నల్లటి డ్రమ్ము బోర్లించాడు. లోపల గ్యాసు పుట్టేకొద్దీ ఆ డ్రమ్ము పైకి లేస్తుందట. పక్కన చిన్న తొట్టి. అందులో జోసెఫిన్ పేడ వేసి, వీధి కుళాయి దగ్గర వరసలో నిలబడి తెచ్చిన బిందెడు నీళ్ళు పోసి, చేత్తో కలిపి గొట్టంలోకి వదిలేది. తాగే నీళ్ళు! గోడవతల మా బోరు ఉండనే ఉంది. అడిగితే నేను కాదనేదాన్నా? కాదనేదాన్నే అనుకోండి. అయినా తాగే నీళ్ళు పేడలో పోస్తున్న పిచ్చిదని వీధి వీధంతా తిరిగి చెప్పాను.

మూడు వారాలకి ఆమె పొయ్యి వెలిగింది.

వీధంతా చూడటానికి పోయింది. నాకు తలనొప్పి అని చెప్పి పడుకున్నాను. పడుకుంటే నిద్ర పట్టదు కదా, లేచి గోడ దగ్గర నిలబడ్డాను. ఆమె వంటింటి తలుపు తీసి ఉంది. గిన్నె కింద నీలం మంట, చప్పుడు లేదు, పొగ లేదు. ఆ మంట నాది. గడ్డి నేను వేశాను, తవుడు నేను పెట్టాను, కుడితి నేను కలిపాను. నా గేదెలు వేసిన పేడ వెళ్ళి ఆమె ఇంట్లో ఇడ్లీలు ఉడికిస్తోంది. కడుపు మండిపోయింది.

ఆ రోజు నుంచి నాకు పొద్దున్నే ఆ డ్రమ్ము కనిపించేది. సాయంత్రానికి గ్యాసు అయిపోయి కిందికి దిగి ఉండేది. తెల్లారేసరికి ఉబ్బి గోడ మీదికి తల పెట్టి చూసేది. కాఫీ తాగుతూ దాన్ని చూసి మొహం తిప్పుకునేదాన్ని. మా ఆయన గ్లాసు పట్టుకుని "పాపం, ఆ డ్రమ్ము నీకేం అన్యాయం చేసిందే?" అనేవారు. ఆయనకీ నాకూ ఆ రోజుల్లో మాటలు తగ్గాయి.

పేపర్లో ఫోటో కూడా పడింది. డ్రమ్ము పక్కన చేతులు కట్టుకుని జోసెఫిన్. వెనక గోడ మీదుగా మా రాణి తోక, తొడ కనిపిస్తున్నాయి. కింద జోసెఫిన్ పేరు రాశారు. రాణి పేరు లేదు, నా పేరు లేదు. ఆ పేపరు వీధిలో అందరూ నాకే తెచ్చి చూపించారు, నేను చూడలేదేమోనని.

మర్నాడు ఆమె తట్ట పట్టుకుని వస్తే పాక గుమ్మంలో నిలబడ్డాను.

"రేపట్నుంచి రావద్దు. పేడ మాకే కావాలి."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. సంతకం సంగతి ఎత్తుతుందేమో, ఎత్తితే ఏమనాలో రాత్రంతా అనుకుని ఉంచుకున్నాను. ఎత్తలేదు. "సరేనండి" అంది. ఆ పూట పాక కడిగే వెళ్ళింది. ఒక్క మాట అని ఉంటే నాకు ఎంతో హాయిగా ఉండేది.

ఆ తరువాత ఆమె అగ్రహారం పోయేది. మరియదాసు చేపలు మోసిన పాత సైకిలుకి రెండు డబ్బాలు కట్టి, అక్కడెవరిదో పాక కడిగి, సైకిలు తొక్కుకుంటూ పేడ తెచ్చుకునేది. వచ్చేసరికి తెల్లగా తెల్లారిపోయేది. తెచ్చేది సరిపోయేది కాదు. డ్రమ్ము గోడ కిందికి దిగిపోయింది. కొన్ని పొద్దుటి పూటలు అరుగు మీద మళ్ళీ కట్టెల పొయ్యి, పొగ. ఇడ్లీల కోసం వచ్చినవాళ్ళు కాసేపు నిలబడి వెళ్ళిపోయేవారు. నాకు సంతోషం వేసింది. దాచుకోను, చాలా సంతోషం వేసింది. రెండు మూడు రోజులు కడుపు నిండా తిన్నాను.

నాలుగో రోజున మేస్త్రీ వీరభద్రరావుకి కబురు పెట్టాను. ఆమె దానికంటే పెద్ద డ్రమ్ము, రెండు పొయ్యిల స్టవ్వు. అన్నీ బిగించాక వెళ్ళబోతూ అతను "ఏదన్నా తెలియకపోతే పక్కన జోసెఫిన్ గారున్నారు కదండీ. ఆవిడకి నాకంటే బాగా తెలుసండి" అన్నాడు. దాంతో నేను ఎవరినీ ఏదీ అడగదలుచుకోలేదు. ఆమె రోజూ చేసే పనిలో బ్రహ్మవిద్య ఏముంది? పేడ, నీళ్ళు. పేడ పాకలో ఉంది. నీళ్ళు మీట నొక్కితే వస్తాయి. కుళాయి దగ్గర నిలబడే ఖర్మ నాకు లేదు. రోజూ పొద్దున్నే మోటారు వేసి బోరు నీళ్ళతో పేడ కలిపి గొట్టంలోకి పంపాను.

ఇరవై రోజులకి నా డ్రమ్ము జానెడు లేచింది. ఇంకో వారానికి మూరెడు. కొలిచాను. ఆమె డ్రమ్ముకంటే నాదే ఎత్తు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ముహూర్తం పెట్టి వీధంతా పిలిచాను, కొత్త పొయ్యి మీద పాలు పొంగిస్తున్నామని. జోసెఫిన్‌ని నేనే వెళ్ళి పిలిచాను. అసలు ఆమె కోసమే మిగతావాళ్ళని పిలిచాను.

ముందు రోజు మా ఆయన "ఒకసారి వెలిగించి చూద్దామే, వెలుగుతుందో లేదో" అన్నారు.

"కొత్త పొయ్యి మీద మొదటి మంట పాల కోసమే వెలగాలి. ఆ మాత్రం తెలియదా మీకు?"

"తెలుసులే. నీ డ్రమ్ముకి తెలుసో లేదో."

ఇత్తడి గిన్నెకి పసుపు రాసి బొట్లు పెట్టుకున్నాను.

ఆడవాళ్ళందరూ వంటింట్లో, గుమ్మంలో, పెరట్లో నిండారు. వీధికి పెద్ద సత్యవతమ్మ గారిని ముందు కుర్చీలో కూర్చోబెట్టాను. జోసెఫిన్ ఆదివారం గుడికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చి తలుపు పక్కన నిలబడింది. గిన్నెలో పాలు పోసి, దణ్ణం పెట్టి, మీట తిప్పి, అగ్గిపుల్ల గీశాను.

పుల్ల ఆరిపోయింది. ఇంకోటి గీశాను. అదీ ఆరింది. పొయ్యిలోంచి గాలి వస్తోంది, ఆ గాలే పుల్లని ఆర్పుతోంది. రెండో పొయ్యి దగ్గర గీశాను. సగం పెట్టె అయిపోయింది. కుళ్ళిన గుడ్ల వాసన కమ్ముకుంది. ఆడవాళ్ళు ఒక్కొక్కరే కొంగు ముక్కుకి పెట్టుకున్నారు. పసుపు రాసిన గిన్నెలో పాలు చల్లగా, కదలకుండా ఉన్నాయి.

అప్పుడు సత్యవతమ్మ గారు నా మంచి కోరే అన్నారు. "పోన్లేవే అమ్మా. ముహూర్తం దాటిపోకుండా జోసెఫిన్ పొయ్యి మీద పొంగించుకొచ్చేద్దాం."

ఆ మాటతో నాకు ఒళ్ళు తెలియలేదు. "దీని కళ్ళు పడబట్టే నా పొయ్యి వెలగలేదు" అని అందరి ముందూ జోసెఫిన్‌ని వేలెత్తి చూపించాను. "రోజూ గోడ మీంచి ఏడుస్తోంది. నా పెరట్లోకి చూస్తే ఊరుకోను!"

గోడ మీంచి రోజూ చూసేదెవరో వీధిలో అందరికీ తెలుసు. జోసెఫిన్ తల దించుకుని వెళ్ళిపోయింది. ఆ పాలు మా ఆయన సిలిండరు పొయ్యి మీద కాచి కాఫీ పెట్టుకున్నారు. నాకు ఇవ్వబోతే వద్దన్నాను.

ఆదివారం సాయంత్రం దేవుడి దగ్గర దీపం పెట్టి పెరట్లోకి వచ్చాను. గోడవతల జోసెఫిన్ నిలబడి ఉంది.

"అక్కగారూ, మీతో ఓ మాట సెప్పాలండి."

దెబ్బలాటకే వచ్చిందనుకుని చెంగు బిగించాను. "చెప్పు."

"మీరు బోరు నీళ్ళు కలిపారండి. ఉప్పు నీళ్ళకి లోపల మండే గ్యాసు పుట్టించే పురుగులన్నీ సచ్చిపోతాయండి. డ్రమ్ము లేత్తదండి గానీ ఆ గాలి ఎలగదండి. అందుకేనండి నేను కుళాయి నీళ్ళు పోసేది."

"ఈ సంగతి ఇప్పుడా చెప్పడం?"

"నాకు మొదటి రోజే తెలుసండి." ఆమె గోడ మీద మట్టిపెళ్ళ గోటితో గీకుతోంది. "పొద్దున్నే మీ మోటారు సప్పుడు ఇనపడేదండి. సెప్పేద్దామని గోడ దాకా వచ్చేదాన్ని. నోరొచ్చేది కాదండి."

"ఎందుకని?"

"కుళ్ళండి."

నేను విన్నది సరిగ్గా విన్నానో లేదో అర్థం కాలేదు. ఆమె తల ఎత్తకుండా చెప్పుకుపోయింది.

"మీకు రెండు గేదెలండి. రెండు పొయ్యిలు. పెద్ద డ్రమ్ము. నేనేమో అగ్రహారం ఎల్లి ఒకళ్ళ పాక కడిగి సైకిలు తొక్కుకుంటా రావాలండి. మా ఆయన గడప దాటలేడండి. మీ ఆయన మీకు కాఫీ పెట్టిత్తారండి, రోజూ సూత్తాను. మీ డ్రమ్ము లేవకూడదని గుళ్ళో మరియమాత దగ్గర కొవ్వొత్తి కూడా ఎలిగించానండి. మీరు నన్ను అందర్లో అన్నారు సూడండి, కళ్ళు పడ్డాయని. నిజమే కదా అనిపించిందండి. ఇవాళ పూజకి ముందు ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకున్నానండి. ఆయన, నాకు సెప్తే సాలదమ్మా, ఆవిడకే సెప్పు అన్నారండి."

నాకు కోపం రావాలి. నెల రోజుల పేడ పాడైంది, వీధిలో తల ఎత్తుకోలేకుండా ఉన్నాను, ఇదంతా తెలిసి చూస్తూ ఊరుకుంది. కానీ నిజం చెబుతున్నాను, కోపం రాలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ మనిషిని చూసి ఏడ్చాను. ఆమె ఏనాడైనా నా వైపు చూసి ఏడుస్తుందని కలలో కూడా అనుకోలేదు. నాలో ఏడవడానికి ఏముందని? ఆయన పెట్టిచ్చే కాఫీ గ్లాసు రోజూ గోడ మీద పెట్టి చల్లారబెట్టేదాన్ని. దాన్ని ఒకరు చూస్తున్నారని కూడా తెలియదు.

"మళ్ళీ చెప్పు" అన్నాను.

"ఏదండీ?"

"అదే, కొవ్వొత్తి సంగతి."

ఆమె తల ఎత్తి చూసింది. మళ్ళీ చెప్పింది, ఈసారి ఇంకా వివరంగా. కొవ్వొత్తి ఒకటి కాదట, రెండట. నాకు నవ్వొచ్చేసింది. ఆమెకూ వచ్చేసింది. ఇద్దరం గోడకి చెరో వైపు నిలబడి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాం. మా ఆయన ఏమైందోనని పరిగెత్తుకొచ్చి చూసి లోపలికి వెళ్ళిపోయారు.

"ఇప్పుడు ఏం చేయాలి దీన్ని?" అన్నాను.

"ఉప్పుదంతా తోడి పారబోయాలండి. మంచినీళ్ళు కలపాలి. మా దాంట్లోంచి నాలుగు డబ్బాలు తీసి ఇందులో పోసుకుంటే పాలల్లో తోడేసినట్టు పట్టేసుద్దండి."

నేను వెనక్కి తిరిగి దీపం వైపు చూశాను. ఆమె కూడా చూసింది.

"దీపాలు పెట్టేశాం కదే" అన్నాను, గొంతు తగ్గించి.

"మీరు ఆ రోజు ఇవ్వలేదండి. గుర్తుంది" అంది. అని డబ్బా తేవడానికి వెళ్ళింది.

గొయ్యి ఖాళీ చేయడానికి మా ఆయనతో కలిపి ముగ్గురికి రెండు రోజులు పట్టింది. ఆ తరువాత రోజూ పొద్దున్నే బిందె పట్టుకుని కుళాయి దగ్గర జోసెఫిన్ వెనకాల నిలబడ్డాను. తాగే నీళ్ళు పేడలో పోస్తోందని ఇప్పుడు వీధి నన్ను చూసి నవ్వింది. పేడ విషయంలో ఒక ఒప్పందం చేసుకున్నాం. ఒక గేదె పేడ ఆమెది, ఒకదానిది నాది. రాణిది ఆమెకిచ్చి గంగది నేనుంచుకున్నాను. గంగ రాణికి రెట్టింపు వేస్తుంది. ఆ సంగతి నేను చెప్పలేదు.

నెల తిరిగాక మళ్ళీ అందరినీ పిలిచాను. ఈసారి ముందు రోజే వెలిగించి చూసుకున్నాను. సత్యవతమ్మ గారు కూర్చున్నాక అగ్గిపెట్టె జోసెఫిన్ చేతికిచ్చి, "ఆ రోజు నేను అన్నది తప్పు. నువ్వే వెలిగించు" అని అందరికీ వినపడేలా అన్నాను. మొదటి పుల్లకే అంటుకుంది. నీలం మంట గిన్నె అడుగంతా పరుచుకుంది. పాలు పొంగి పసుపు మీదుగా పొయ్యి మీదికి కారుతుంటే ఆడవాళ్ళందరూ ఒక్కసారి అరిచారు.

జోసెఫిన్ అరవలేదు. రెండు పొయ్యిల స్టవ్వునీ, దాని మీది మంటనీ అలా చూస్తూ నిలబడింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఆమె వంటింట్లో నీలం మంట మొదటిసారి వెలిగిన రోజు గోడకి ఇవతల నిలబడి నేను చూసిన చూపది. ఎంత నొప్పిగా ఉంటుందో, ఆ పూట అన్నం ఎలా దిగదో నాకు తెలుసు. కోరుకున్నది చేతికందింది కదా, పండగ చేసుకోవాలి. చేసుకోలేకపోయాను.

అందరూ వెళ్ళాక ఆమెను పాక దగ్గరికి తీసుకెళ్ళాను.

"రేపటి నుంచి గంగ పేడ నువ్వు పట్టుకెళ్ళు. నాకు రాణిది చాలు."

జోసెఫిన్ గంగ వీపు మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇది ఎక్కువేత్తదండి అక్కగారూ. రెండేళ్ళు కడిగినదాన్ని, నాకు తెలీదా? ఎప్పుడిత్తారా అని సూత్తన్నాను" అంది.